అరికాలి సున్నం

గూడూరులో మా మట్టి కోర్టుకు రెఫరీ సారే సున్నంతో గీతలు గీసేవాడు. బాస్కెట్‌బాల్‌లో బంతి పట్టుకుని గీత తొక్కినా బయటికి పోయినట్టే. మేం ఆడపిల్లలం ఉత్తకాళ్లతో ఆడేవాళ్లం. ఎవరైనా వాదిస్తే ఆయన గొంతు పెంచడు. "అరికాలు చూపించమ్మా" అంటాడు. సున్నం కనిపిస్తే బంతి అవతలి జట్టుకి.

ఫైనల్లో ఒక్క పాయింటు ముందున్నాం. ఇంకొన్ని క్షణాలే ఆట. బయటికి పోతున్న బంతిని ఎగిరి పట్టినాను. దిగేటప్పుడు కాలు మడతపడి, చీలమండ దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకే వినపడింది. సారు పరిగెత్తుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, నా పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అంత మెత్తగా మా అమ్మ కూడా పట్టుకోలేదు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"నొప్పి సార్" అని ఏడ్చినాను.

ఆయన నా పాదం పైకి తిప్పి జనానికి చూపించినాడు. "సున్నం ఉంది. బంతి వాళ్లది."

ఆ బంతితోనే వాళ్లు గెలిచినారు.

మొన్న నెల్లూరు ఆసుపత్రి వరండాలో కనిపించినాడు. బాగా ముసలాయన అయిపోయినాడు. కుంటుకుంటూ ఎదురుపోయి, "గుర్తుపట్టినారా సార్?" అన్నాను.

ముఖం వైపు చూడనేలేదు. నా కాలి వైపు చూసి తలూపినాడు.

"ఆ రోజు గీత తొక్కినావు కదమ్మా."