నా పేరు దగ్గర ఆగిపోయిన లూప్

నోయిడా ఆఫీసులో నా ప్రొబేషన్ ఇంకో వారంలో ముగుస్తుందనగా, జ్వరమని సెలవు పెట్టి గుర్గావ్‌లో వేరే కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఇక్కడ ఉంచుతారో ఊడబెరుకుతారో తెలియదు. ఉద్యోగం పోతే మళ్ళీ ఢిల్లీలో కోచింగ్ కుర్రాళ్ళుండే బేర్ సరాయ్ గదిలో మెస్ పప్పునీళ్ళే గతి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు గానీ, అప్పుడు మూడో పడవ దొరికినా పెట్టేవాణ్ణే.

ఇంటర్వ్యూలో లూప్‌ని, అంటే ప్రోగ్రామ్‌లో ఒకే పనిని తిరిగి తిరిగి చేసే భాగాన్ని, ఎలా అదుపు చేస్తావని అడిగారు. ఇక రెచ్చిపోయాను. ఎక్కడ ఆపాలో, ఎప్పుడు దాటెయ్యాలో బోర్డు మీద రాసి చూపించాను. మా ఆఫీసు క్యాబ్‌ల ప్రోగ్రామ్ నా చేతి చలవేనని కోతలు కోశాను. అది రోజూ పొద్దున్నే జాబితాలోని పేర్లు వరసగా చదివి, ఒక్కొక్కరికీ, వాళ్ళ డ్రైవరుకీ మెసేజ్ పంపుతుంది. సెలవులో ఉన్నవాళ్ళను దాటేస్తుంది. దాటేస్తుందనే నా నమ్మకం.

బయటికొచ్చి ఫోన్ ఆన్ చెయ్యగానే మా టీమ్‌లోని విజయనగరం అమ్మాయి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావురా బాబూ? సగం మందికి క్యాబ్ రాలేదు. ఫరీదాబాద్‌లో మన మేనేజర్ గంటసేపు గేటు దగ్గర నిలబడి, బస్సెక్కి వచ్చారు!"

మర్నాడు కోడ్ తెరిస్తే సంగతి తెలిసింది. మా ఆఫీసులో సెలవును కంప్యూటర్లో ఎవరూ ఎక్కించరు. "ఆజ్ మత్ ఆనా, భయ్యా" అంటూ ఇవాళ రావద్దని డ్రైవరుకి ఫోన్ చేసి దుప్పటి ముసుగేస్తారు. ప్రొబేషన్ భయంతో పద్ధతిగా ఎక్కించిన మొదటి ఘనుణ్ణి నేనే. సెలవైతే మెసేజ్ మానేసి లూప్ మొదటికి పొమ్మని రాశాను. తర్వాతి పేరుకు జరగమనే లైను మాత్రం దాని కిందెక్కడో ఉండిపోయింది, అక్కడిదాకా అది చేరనేలేదు. దాంతో ప్రోగ్రామ్ నా పేరు చూసి, సెలవని గ్రహించి, మళ్ళీ నా పేరే చూసింది. పొద్దంతా అదే పని. నా తర్వాతి పేర్లవాళ్ళంతా ఎండలో.

మేనేజర్ పిలిచారు. సైన్యంలో చేసి వచ్చిన వరంగల్ మనిషి. బల్ల మీద నా ప్రొబేషన్ కాగితం ఉంది. కోడ్‌లో తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

"అచ్ఛా. అంటే ఇన్ని నెలలల్ల లీవు ఎక్కించింది నువ్వొక్కనివేనా?"

"అవును సార్."

"గిదీ డిసిప్లిన్ అంటే! కోడ్ ఏముంది, దిద్దుకుంటవ్. నిజాయితీ యాడ దొరుకుతదయ్యా?" అంటూ సంతకం పెట్టేశారు.

ఆ జ్వరం అబద్ధమని చెప్పేద్దామని నోరు తెరిచి, "థాంక్యూ సార్" అన్నాను. తర్వాత గుర్గావ్ వాళ్ళు రమ్మన్నారు. వెళ్ళలేదు. ఆ సిగ్గుతోనే నోయిడాలోనే నాలుగేళ్ళు పనిచేశాను.