కనుమ దగ్గర పావుగంట

ఆక్సీమీటరు మా ఇంటికి జబ్బు కోసం రాలేదు, విహారయాత్ర కోసం వచ్చింది. ఈ సంగతి ముందే చెప్పాలి. నేను చేసిన తప్పు అక్కణ్ణించే మొదలైంది.

యాంగోన్‌లో, లత అనే పేటలో ఉన్న ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు చూసే గుమస్తాని నేను. మా అప్ప, అంటే మా అక్క, నది అవతల లైంగ్‌థార్యార్‌లో స్వెట్టర్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తాతల నాడే బర్మా వచ్చిన తెలుగు కుటుంబం మాది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. తామ్వేలో లిఫ్టు లేని మేడ, నాలుగో అంతస్తులో మా ఇల్లు. ఒకసారి వాళ్ళ ఫ్యాక్టరీకి కొత్తరకం ఊలు వచ్చింది. పెట్టె మీద పొడుగు మెడ జంతువు బొమ్మ, వెనక మంచుకొండలు. అప్ప ఆ అట్టముక్క చింపి ఇంటికి పట్టుకొచ్చింది.

"ఇదేటిరా, ఒంటెకీ గొర్రెకీ పుట్టినట్టుంది?"

"అల్పాకా. పెరూ దేశంలో, ఆండీస్ కొండల మీద మేస్తుంది."

"అయితే ఎల్దాం."

నాలుగంతస్తులు ఎక్కి వచ్చి ఇంకా రొప్పుతూనే ఉంది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట" అన్నాను. పడీపడీ నవ్వింది గానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇరవై ఏళ్ళుగా ఎవరెవరో తొడుక్కునే స్వెట్టర్లు కుట్టించింది. నన్ను పెంచింది. ఇది కావాలని నన్ను అడగడం అదే మొదటిసారి.

ఊళ్ళో వాళ్ళందరికీ ప్రయాణాలు కూర్చిపెట్టేవాణ్ణి, మా అప్పకి కూర్చలేనా? కొండల్లో ఆరు రోజులకి ప్రణాళిక వేశాను. సముద్రం ఒడ్డున లీమాలో దిగాలి. అక్కణ్ణించి కుస్కో. రెండు రోజులు కదలకుండా అక్కడే ఉండి ఒంటికి ఆ ఎత్తు అలవాటు చెయ్యాలి. తర్వాత బస్సులో కొండల మధ్య ఒక కనుమకి. అల్పాకాలు మేసేది అక్కడే. టూరిస్టు బస్సు అక్కడ పావుగంట ఆగుతుంది.

"ఇంత దూరం ఎల్లి పావుగంటా!" అని అప్ప మండిపడింది. "నేను దాని మెడ నిమిరీలోపు బస్సోడు హారన్ కొడతాడు. గంట కావాల."

ఆ గంట కోసం ప్రణాళిక నాలుగుసార్లు తిరగరాశాను. కాగితం అంచున ఒక్కో ఊరికీ రక్తంలో ఆక్సిజన్ నూటికి ఎంత ఉంటుందో కూడా రాసిపెట్టాను. లీమాలో తొంభై ఏడు, కుస్కోలో తొంభై, కనుమ దగ్గర ఎనభై అయిదు. అడుగున, కొండలకి వెళ్ళే ప్రతి కస్టమరుకీ ఇచ్చే హెచ్చరిక. ఆ అంకె చూసుకోవడానికి వేలికి తగిలించే ఆక్సీమీటరు కొన్నది అప్పుడే.

టికెట్లు తియ్యబోయే ముందు విమానాలు ఆగిపోయాయి. కరోనా అన్నారు. మళ్ళీ ఎగురుతాయనుకునేసరికి సైన్యం దేశాన్ని చేతుల్లోకి తీసుకుంది. ఫోన్లు పలకవు, ఇంటర్నెట్ లేదు. సైన్యాన్ని నిరసిస్తూ మా వీధిలో రోజూ రాత్రి ఎనిమిదింటికి గిన్నెలు మోగించేవాళ్ళు. అప్ప మా ఇత్తడి బిందె సొట్టలు పడేలా బాదేది. లైంగ్‌థార్యార్‌లో కాల్పులు జరిగిన రోజు ఆమె నది మీది వంతెన దాటి నడిచి వచ్చింది, ఒక కాలికి చెప్పు లేకుండా. కాళ్ళు కడుక్కుని కూర్చుని, "ఆ కాయితం తియ్యి, కుస్కోలో రెండో రోజు ఏటి సేద్దామో సెప్పు" అంది. అప్పణ్ణించి రోజూ అదే పని. కిటికీలు మూసుకుని, వీధిలో లారీ చప్పుడైతే మాటలాపి, అది పోయాక మళ్ళీ కొండలెక్కేవాళ్ళం.

వానాకాలంలో అప్పకి జ్వరం వచ్చింది.

రెండో అంతస్తులో ఒక బర్మీస్ నర్సు దాక్కుని ఉండేది. గౌరవంగా సయామా అని పిలిచేవాళ్ళం. సైన్యం కింద పనిచెయ్యనని ప్రభుత్వాసుపత్రి వదిలి సమ్మెలో చేరిన మనిషి. ఆమెని పట్టివ్వడానికి వార్డు ఆఫీసు మనుషులు మెట్ల మీద కాపలా కాసేవాళ్ళు. అందుకని మా ఇంటికి రాకుండా, సరుకులు పైకి లాక్కోవడానికి మా బాల్కనీలోంచి వీధిలోకి వేలాడేసిన తాడుకి తన కిటికీలోంచే మాత్రలు కట్టి పంపేది. తాడు పైచివర కట్టిన గంట మోగితే నేను పైకి లాక్కునేవాణ్ణి. మొదటి పొట్లంలోనే చీటీ పెట్టింది. "ఆక్సిజన్ తొంభై మూడు కంటే తగ్గితే వెంటనే నన్ను పిలువు."

నాకు అంటకూడదని అప్ప ఆక్సీమీటరు తీసుకుని తన గది తలుపు వేసుకుంది. నేను బయట కూర్చుని, ఎంతుందో చెప్పమని అడిగేవాణ్ణి.

మూడో రోజు పొద్దున్న, "తొంబై ఒకటి" అంది. సయామాని పిలుద్దామని లేచాను. వెంటనే లోపల్నించే, "కుస్కో దగ్గర పడ్డాన్రా!" అని నవ్వింది.

నేనూ నవ్వాను. కుస్కోలో పిల్లలు బంతాడుకుంటారు కదా అనుకున్నాను. పెళ్ళిళ్ళు చేసుకుంటారు, ఊరేగింపుల్లో గంతులేస్తారు, అందరికీ తొంభయ్యే. నిజం చెప్పాలంటే నా భయానికి ఒక సాకు దొరికింది. సయామాని పైకి పిలిస్తే ఆమెని పట్టుకుంటారు. ఆక్సిజన్ సిలిండరు కోసం వెళ్దామంటే, అక్కడ వరసలో నిలబడ్డ జనాన్ని చెదరగొట్టడానికి ముందు రోజే సైనికులు గాల్లోకి కాల్చారు. నేను పిరికివాణ్ణి. నా పిరికితనానికి కుస్కో అని పేరు పెట్టుకున్నాను. తాడు కిందికి వదిలి, "బాగానే ఉంది" అని చీటీ కట్టాను.

మర్నాడు ఎనభై ఎనిమిది. "బస్సెక్కీసాం" అంది. గొంతు సన్నబడింది. జ్వరంతో వాసన తెలియక, నేను రోజూ బొగ్గులా మాడ్చే అన్నం కూడా వంక పెట్టకుండా తిన్న మనిషి, ఆ రోజు గంజి కూడా వద్దంది. ఎత్తులో ఆకలుండదని నేనే ప్రణాళికలో రాశాను కదా! దానికీ నా దగ్గర జవాబుంది.

అయిదో రోజు పొద్దున్న అడిగితే ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది.

"ఎనబై... నాలుగు. కనుమ కాడికి... ఒచ్చీసేన్రా. గంట... ఆగుదాం."

వంటింట్లోకి వెళ్ళి ఆ కాగితం తీశాను. ఎనభై అయిదు ఉండాలి, ఒక్కటే తేడా అనుకుంటూ వేలితో వరస చూసుకుంటుంటే అడుగున హెచ్చరిక కనబడింది. నేను రాసిందే. "పెదవులు నీలంగా మారినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగవద్దు. వెంటనే కిందికి దిగాలి."

కిందికి. గట్టి వాన పడితే వీధిలోకి మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చే ఊరు మాది. ఇక్కణ్ణించి ఎక్కడికి దిగాలి?

తలుపు తోసి చూశాను. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. బాల్కనీలోకి పరుగెత్తి తాడుగంట పిచ్చిగా మోగించాను. సయామా ఎవరు చూస్తున్నారని కూడా చూసుకోకుండా మెట్లెక్కి వచ్చింది. ఎప్పట్నించి ఇలా ఉందని అడిగింది. చెప్పాను. కుస్కో సంగతి కూడా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "కుస్కో వాళ్ళ ఊపిరితిత్తులు బాగున్నాయి, గాలే పలచన. ఇక్కడ గాలి బోలెడుంది" అని మాత్రం అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను తింటూనే ఉంది. నా పిరికితనానికి ఆమె తిట్టినా బాగుండేది.

ఆమె ఎక్కణ్ణించో ఒక చిన్న సిలిండరు తెప్పించింది. సాయంత్రానికి అంకె తొంభై రెండుకి చేరింది. అప్ప కళ్ళు తెరిచింది.

"దిగిపోతన్నామా?"

"దిగుతున్నాం అప్పా."

"అప్పుడేనా? గంట అవనేదు."

"మళ్ళీ వెళ్దాం. ఈసారి రెండు గంటలు ఆగుదాం."

తల ఊపింది. నమ్మిందో, నా కోసం ఊపిందో తెలియదు.

ఆ సిలిండరు పొద్దుటిదాకానే వస్తుంది. కర్ఫ్యూ తీసెయ్యగానే సయామా ఇచ్చిన ఇంకో ఖాళీది భుజాన వేసుకుని ఆక్సిజన్ నింపే చోట వరసలో నిలబడ్డాను. వాన. నా ముందు రెండు వందల మంది. సైనికుల లారీ రెండుసార్లు పక్కనుంచి పోయింది. మూడు రోజుల ముందు ఇక్కడికి రావడానికి భయపడ్డ వాణ్ణి, ఆ రోజు లారీ వైపు చూడను కూడా లేదు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

సిలిండరు మోసుకుంటూ నాలుగో అంతస్తుకి వచ్చాను. మా తలుపు బార్లా తెరిచి ఉంది. సయామా గడప మీద, మెట్లెక్కే ఎవరికైనా కనబడేలా కూర్చుని ఉంది. సిలిండరు దింపబోతే తొందరేం లేదన్నట్టు చెయ్యి ఊపింది. లేచి, అప్ప వేలినించి తీసేసిన ఆక్సీమీటరు నా అరచేతిలో పెట్టింది.

ఏం చెయ్యాలో తోచక దాన్ని నా వేలికి తగిలించుకున్నాను. నాలుగంతస్తులు సిలిండరు మోసి కూడా తొంభై ఎనిమిది చూపించింది.