కరెంటు వచ్చేదాకా

మొన్న డెట్రాయిట్ దగ్గరి ట్రాయ్ నుంచి మా చెల్లెలు కరుణ పంపిన పార్సిల్ విప్పితే, పాత స్వెటర్ల మధ్య నుంచి నాన్న టార్చిలైటు బయటపడింది. మూడు బ్యాటరీలు పట్టే బరువైన స్టీలు టార్చి. వెనక మూత తిప్పగానే, ఎప్పుడో కారిపోయి ఎండిన బ్యాటరీల పుల్లటి తుప్పు వాసన ముక్కుకి తగిలింది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళకున్న బూట్లైనా విప్పకుండా, ఇర్వింగ్‌లోని మా వంటింట్లో నిలబడి ఆ వాసనే పీల్చుకుంటూ ఉండిపోయాను. గొట్టానికి అంటించిన ప్లాస్టరు ముక్క మీద నాన్న చేతిరాత ఇంకా చెదరలేదు. ‘కరుణది’ అని ఒక్కటే మాట. ఆ మాట వెనక నేను నలభై ఏళ్ళుగా దాచుకున్న అబద్ధం ఒకటుంది.

విజయవాడ కరెంటాఫీసులో ఇంజనీరుగా చేసే నాన్నకి డెట్రాయిట్‌లో కార్ల కంపెనీ ఉద్యోగం వచ్చి, డెబ్భైల చివర్లో మేము ఫార్మింగ్టన్ హిల్స్‌లో దిగేసరికి నాకు ఆరేళ్ళు, కరుణకి రెండు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచు పడే ఆ ఊళ్ళో నా బాల్యమంతా తడి ఊలు గ్లవ్సుల వాసనతో, హీటరు జాలీ మీద ఆరేసిన సాక్సుల వెచ్చదనంతో, నాన్న పొద్దున్నే కారు అద్దం మీది మంచు గీకే కరకర చప్పుడుతో నిండిపోయింది. ఆదివారాలు ఒక అమెరికన్ చర్చి వాళ్ళు అద్దెకిచ్చిన హాల్లో తెలుగు ఆరాధన జరిగేది. పెద్దలు కళ్ళు మూసుకుని ఎంతకీ ముగియని ప్రార్థనలు చేస్తుంటే, మేము ఒక కన్ను తెరిచి, వెనక బల్ల మీద పులిహోర గిన్నె మూత ఎవరు తీస్తారా అని కాపలా కాసేవాళ్ళం. క్రిస్మస్ వారం ముందు నుంచే అమ్మ గులాబి పువ్వులు వేసేది. చీరలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకొచ్చిన ఆ ఇత్తడి అచ్చుని కాగిన నూనెలో ముంచి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి చిన్నగా విదిలిస్తే, పువ్వు అచ్చుని వదిలి తేలిపోయేది. ఆ నూనె వాసన మా చలికోట్లకి పట్టి జనవరి దాకా వదిలేది కాదు. బడిలో తెల్లపిల్లలు మూతి ముడిచేవాళ్ళు, నేను మాత్రం మధ్యమధ్య నా చెయ్యి వాసన చూసుకుని మురిసిపోయేదాన్ని.

నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు మా టీచరు బోర్డు మీద మూడు డబ్బాలు గీసి ప్రెసిడెంటు, కాంగ్రెసు, కోర్టు అని రాసి, ఒకరు హద్దు దాటితే మిగతా ఇద్దరూ చెయ్యి పట్టుకుని ఆపుతారని చెప్పింది. నా బుర్రకి మొదటి డబ్బా ఒక్కటే ఎక్కింది.

ఆ ఏడే క్రిస్మస్ వెళ్ళిన రెండో రోజున వాన పడుతూ పడుతూనే గడ్డకట్టింది. కొమ్మలు, తీగలు, పోస్టుడబ్బాలు అన్నీ గాజు తొడుక్కున్నాయి. పొద్దున పదింటికి కరెంటు పోయింది. మూడు వీధుల అవతలుండే సుందరరావు అంకుల్ వాళ్ళింట్లో కట్టెలు కాల్చే పొయ్యి లేకపోవడంతో, వాళ్ళు ఒక కుక్కరు, రెండు రజాయిలు, పిల్లలు డానియేలునీ రేచెల్‌నీ తీసుకుని మా ఇంటికి వచ్చేశారు. పొయ్యి చుట్టూ పెద్దలు కూర్చుని, బ్యాటరీ రేడియోలో రోడ్ల మీదికి ఎవరూ రావద్దని మా ఊరికి స్నో ఎమర్జెన్సీ ప్రకటించారని విన్నారు. మేం అల్లరి చేస్తున్నామని మమ్మల్ని కోట్లతో సహా ఇంటి అడుగునుండే బేస్‌మెంట్‌లోకి తోలేశారు. అక్కడి చిన్న కిటికీలు మంచుతో మూసుకుపోయి ఉన్నాయి. ఆ చీకట్లో మాకు నాన్న టార్చిలైటు ఒకటి, ఒక రేకు డబ్బా నిండా గులాబి పువ్వులు ఉన్నాయి. టార్చి ఎవరు పట్టుకోవాలన్న దాని మీద అయిదు నిమిషాల్లోనే జుట్లు పట్టుకున్నాం.

అప్పుడు నేను కుర్చీ ఎక్కి, ఇది ఎమర్జెన్సీ కాబట్టి నన్ను ప్రెసిడెంటుగా ఎన్నుకోవాలనీ, కరెంటు వచ్చేదాకా టార్చి, డబ్బా, గోడ మీది లైటు స్విచ్చి నా అధీనంలో ఉండాలనీ, ఎవరూ ఎదురు చెప్పకూడదనీ ప్రకటించాను. పదకొండేళ్ళ డానియేలుని జడ్జీని చేస్తానని ఆశపెట్టాను. అందరూ చేతులెత్తారు. కరుణ అయితే రెండు చేతులూ ఎత్తింది. అక్క ప్రెసిడెంటైందన్న సంతోషం దానిది.

నిజం చెప్పొద్దూ, మొదటి గంటంతా నేను చాలా బాగా పాలించాను. తలా రెండు పువ్వులు లెక్కగా పంచాను, రేచెల్‌కి చలేస్తుంటే నా మఫ్లరిచ్చాను, టార్చి వెలుగులో గోడ మీద కుందేలు నీడలు ఆడించాను. కొట్లాటలన్నీ సద్దుమణిగాయి. ఆ సుఖంలోనే, చీకట్లో ఎవరూ చూడరు కదా అని, డబ్బాలోంచి ఒక పువ్వు ఎక్కువ తీసుకున్నాను. తర్వాత ఇంకొకటి. కరకరమన్న చప్పుడు కరుణ చెవిన పడింది.

"నువ్వు ఫోర్ తిన్నావ్ అక్కా, నాట్ ఫెయిర్!"

ప్రెసిడెంటుకి ఎదురు చెప్పినందుకు మెట్ల కింద సామాన్ల గదిలో జైలు అన్నాను. ఎంతసేపని డానియేలు అడిగాడు. పాపం, జడ్జీ కదా! ఎమర్జెన్సీలో కోర్టుకి సెలవన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. తర్వాత పంచినప్పుడు వాడికి ఒక పువ్వు ఎక్కువ వేశాను. కరుణ బుద్ధిగా తనంతట తనే నడిచి లోపలికి వెళ్ళింది, నేను తలుపు వేసి గడియ పెట్టాను.

ఆ గదిలో క్రిస్మస్ చెట్టు డబ్బాతో పాటు అమ్మ పాత ఫ్రీజరు ఉండేది. కాసేపటికి లోపల్నుంచి కరుణ గొంతు వినిపించింది.

"అక్కా, ఫ్రీజర్ సౌండ్ వస్తోంది. కరెంట్ వచ్చేసింది."

నాకు వినపడింది. రేచెల్ కూడా తలెత్తి, వచ్చిందా అని అడిగింది. నేను గోడ దగ్గరికి వెళ్ళి, ఆపేసి ఉన్న స్విచ్చికి వీపు ఆనించి నిలబడి, ఇంకా రాలేదన్నాను. జైల్లో ఉన్నవాళ్ళు బయటికి రావడానికి ఏమైనా చెబుతారని కూడా అన్నాను. ఎవరూ కాదనలేదు. టార్చి నా చేతిలోనే ఉంది, అది ఇచ్చేయాలంటే నాకు మనసు రాలేదు. కరుణ ఇంకో రెండుసార్లు చెప్పింది. ఆ తర్వాత చెప్పడం మానేసింది.

ఎంతసేపైందో తెలీదు. పైన తలుపు తెరుచుకుని, ఫ్యూజు పెట్టె చూడ్డానికి నాన్న మెట్లు దిగుతూ వచ్చి, నా భుజం మీదుగా చెయ్యి చాపి స్విచ్చి వేశాడు. బేస్‌మెంటంతా వెలుగు పరుచుకుంది. డబ్బాలో పొడి తప్ప ఏమీ మిగల్లేదు. కరుణ ఏదని నాన్న అడిగితే ముగ్గురం మెట్ల కిందికి చూశాం. గడియ తీసేసరికి అది చెట్టు మీద పెట్టే కాగితం నక్షత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, లాగు తడుపుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"అయిపోయిందా అక్కా?" అని మాత్రం అడిగింది.

నాన్న కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కరుణని కోటులో చుట్టి ఎత్తుకుని చివరి మెట్టు మీద కూలబడ్డాడు. "ఎవరిచ్చారమ్మా నీకీ అధికారం?" అన్నాడు. అందరూ చేతులెత్తారన్నాను. "ఎప్పటిదాకా?" కరెంటు వచ్చేదాకా అన్నాను. "వచ్చిందని ఎవరు చెప్పాలి?"

"నేనే."

"వచ్చిందని నీకు తెలీదా? చెల్లి చెప్పలేదా?"

"వినపళ్ళేదు నాన్నా."

నాన్న ఒకసారి గోడ మీది స్విచ్చి కేసి, ఒకసారి నా మొహంలోకి చూశాడు. తర్వాత, మేమెవరమూ అంతవరకూ వినని సంగతి చెప్పాడు. "మన దేశంలో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు నేనూ మంచిదేననుకున్నానమ్మా. ఆఫీసుకి అందరూ టైముకొచ్చేవాళ్ళు. మీ పెదనాన్నని తీసుకెళ్ళేదాకా అలాగే అనుకున్నా." పెదనాన్నకి చిన్న ప్రెస్సుండేది. ఏదో కరపత్రం అచ్చు వేశాడని పోలీసులు పట్టుకెళ్ళారు. ఎందుకని అడగడానికి కోర్టు తలుపులు మూసి ఉన్నాయి. మామ్మ రోజూ క్యారేజీతో జైలు గేటు దాకా వెళ్ళి అలాగే తిరిగొచ్చేది. ఎప్పుడొదుల్తారంటే ఎమర్జెన్సీ అయిపోయాక అనేవాళ్ళు, అదెప్పుడైపోతుందో పెట్టినవాళ్ళకే తెలియాలి. కరుణ నక్షత్రాన్ని ఆయన చేతిలో పెట్టింది.

మర్నాడు మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. కరెంటు పోయినప్పుడు టార్చి ఇంట్లో అందరికన్నా చిన్నదైన కరుణ చేతిలో ఉండాలి. ఏదో ఒక లైటు స్విచ్చి వేసే ఉంచాలి, కరెంటు రాగానే ఎవరూ చెప్పక్కర్లేకుండా దానంతటదే వెలగాలి. నాన్న నా అబద్ధం గురించి ఒక్క మాట అనలేదు గానీ, ఆ రెండో నియమం రాసింది నా కోసమేనని నాకు తెలుసు.

ఎనభైల మధ్యలో ఒక వేసవిలో పెదనాన్న మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఏ గదిలో ఉన్నా తలుపు బార్లా తీసే ఉంచేవాడు. ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద మామిడికాయ ముక్కలకి ఉప్పు, కారం అద్దుకుని తింటూ కరుణ ఆయన్ని ఉన్నట్టుండి అడిగింది, లోపల భయమేసిందా అని.

"చీకటికి కాదు తల్లీ. నేను పిలిచేది బయట ఎవరికీ వినపట్టం లేదేమోనని భయమేసింది."

నీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ నాకు ఆ మాట వినపడింది. గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు పెదనాన్న లేడు, నాన్న లేడు. ఫార్మింగ్టన్ హిల్స్ ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్ళు బేస్‌మెంట్‌ని సినిమా గది చేసుకున్నారట. గులాబి పువ్వులు ఇండియన్ స్టోర్లో ప్లాస్టిక్ డబ్బాల్లో దొరుకుతున్నాయి, కోట్లకి ఏ వాసనా పట్టడం లేదు. నేను రెండో తరగతిలో ఉండగా ఈ దేశపు ప్రెసిడెంటు పరాయి దేశంతో వచ్చిన తగువు మీద ప్రకటించిన ఎమర్జెన్సీ ఒకటి ఇవాళ్టికీ ముగియలేదని ఈ మధ్యే తెలిసింది. ఏ పార్టీ వాడొచ్చినా ఏటేటా సంతకం పెట్టి పొడిగిస్తూనే ఉన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు దాని పక్కన ఇంకెన్నో చేర్చారు. టీవీలో మళ్ళీ ఎవరో ఎమర్జెన్సీ అని సంతకం పెట్టి పెన్ను ఎత్తి చూపిస్తుంటే, మొదటి గంట ఎంత బాగా పాలించానో గుర్తొచ్చి నాకు భయమేస్తుంది. ఆ సంతకం పెట్టేవాడు చెడ్డవాడే కానక్కర్లేదు. అప్పుడు నేను పదేళ్ళ పిల్లని, నాకు చెల్లెలంటే ప్రాణం.

టార్చి పక్కన పెట్టి కరుణకి ఫోన్ చేశాను. పార్సిల్ అందిందన్నాను. నీ టార్చి నాకెందుకు పంపావన్నాను.

"ఇల్లు సర్దుతుంటే దొరికిందక్కా. నీ దగ్గరుంటే బావుంటుందనిపించింది."

టార్చి గొట్టం మీది నాన్న అక్షరాలు వేలితో తడిమాను.

"కరుణా, ఆ రోజు ఫ్రీజరు మోగుతోందన్నావే, నాకు వినపడింది. మొదటిసారే వినపడింది."

తిడుతుందేమో, తిట్టినా బావుండుననుకున్నాను.

"హమ్మయ్య" అంది కరుణ. "నేను గట్టిగా అరవలేదేమో అనుకున్నానక్కా, ఇన్నాళ్ళూ."