సముద్రం మీద వేసిన నింద

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు. ఫోన్‌లో చెప్పిన రెండు వాక్యాలు. కానీ అది నా భార్య చేతికి చేరి దేవుడి మొక్కుగా మారింది. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకునే దారి నాకు దొరకడం లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పగలిగితే ఇదంతా రాయనక్కరే లేదు.

మాది కరీంనగర్. నేను గల్ఫ్‌లో, సముద్రం మధ్య చమురు తవ్వే రిగ్గు మీద మెకానిక్‌ని. ఇరవై ఎనిమిది రోజులు పని, ఇరవై ఎనిమిది రోజులు సెలవు. హెలికాప్టర్‌లో ఒడ్డుకు దింపుతారు, అక్కడి నుంచి ఇంటికి విమానం. భార్య పద్మ, బిడ్డ ఇక్కడే ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఏడాదిలో సగం అక్కడా సగం ఇక్కడా కావడమే. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నూట ఎనభై రెండు రోజులు దేశంలో ఉన్నానంటే నేను ఇక్కడి నివాసినవుతాను, అక్కడి జీతానికంతా ఇక్కడ పన్ను పడుతుంది. నూట ఎనభై ఒకటి దగ్గర ఆగితే పడదు. పన్ను కాగితాలు చూసే ఆయన మొదటి ఏడాదే జాగ్రత్త చెప్పాడు: "దిగిన దినం లెక్కనే, ఎక్కిన దినం లెక్కనే. మార్చిల జర పైలం."

మా బాపు శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి కార్మికుడు. పనికి పోయిన రోజులను మస్టర్లంటారు అక్కడ. వాటిని గోడ మీది క్యాలెండర్‌లో గీతలు పెట్టి లెక్కించేవాడు. ఒక్కటి తగ్గినా ఆయనకు అన్నం సహించేది కాదు. నేనూ గీతలు పెట్టాను. కాకపోతే ఇంట్లో ఉన్న రోజులకు. పని ఎక్కడ తగ్గుతుందోనని ఆయన భయం, ఇల్లు ఎక్కడ ఎక్కువవుతుందోనని నా భయం. బాపు చూసి ఉంటే నవ్వేవాడా, తిట్టేవాడా?

మార్చిలో గీతలు నిండిపోతే ఇంటికి రాకుండా షార్జాలో ఒక గదిలో మంచం అద్దెకు తీసుకునేవాణ్ని. ఆరుగురం ఉండే గది. పని లేదు. పప్పు వండుకోవడం, పడుకోవడం, ఏప్రిల్ ఒకటి కోసం చూడటం. ఇంట్లో మాత్రం రిగ్గు మీదే ఉన్నానని చెప్పేవాణ్ని. నిజం చెబితే పద్మ ఒప్పుకునేది కాదు. "పన్నుకు భయపడి బిడ్డ మొకం చూడవా" అని ఒక్క మాట అనేది. అందుకని బాత్‌రూంలోకి వెళ్లి, తలుపేసుకుని, గాలి బయటికి తోసే ఫ్యాను వేసి మాట్లాడేవాణ్ని. అది గడగడమని మోగేది. రిగ్గు చప్పుడనుకునేది పద్మ. సిరిసిల్లలో పుట్టి, సాంచల మోతలో, అదే మరమగ్గాల మోతలో పెరిగిన మనిషి. ఏ యంత్రం ఎలా మోగుతుందో నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. అయినా నమ్మింది. ఎందుకు నమ్మదు, చెప్పింది నేను కదా.

తొమ్మిదేళ్ల కిందటి మార్చి, ముగియడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. నా క్యాలెండర్‌లో నూట ఎనభై గీతలు. సాయంత్రం పద్మ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఫ్యాను వేసుకుని ఎత్తాను.

"ఏడున్నవ్?"

"రిగ్గు మీదనే."

"బిడ్డకు కడుపునొస్తుందంటె దవాఖానకు తీస్కొచ్చిన. అపెండిక్స్ పలిగిందట. గిప్పుడే ఆపరేషన్ జెయ్యాలంటున్నరు. సంతకం వెట్టుమంటున్నరు, నాకు చేతులు ఆడుతలేవు. జర మీ సారుకు చెప్పి రారాదు?"

"సముద్రం మంచిగ లేదు పద్మా. హెలికాప్టర్ ఎగురుతలేదు."

అవతల పద్మ ఎవరినో పెన్ను అడిగింది.

"సరె. నేనే వెడ్త సంతకం. నువ్వు ఫికర్ వెట్టుకోకు. అలలు పెద్దగున్నయేమో, అంచుకు పోకు. పైలం."

బిడ్డకు తొమ్మిదేళ్లప్పుడు. పద్మ ఆపరేషన్ గది ముందు ఒంటరిగా నిలబడి, నాకు పైలమని చెప్పింది. ఫ్యాను కట్టేసి ఆ బాత్‌రూంలోనే కూర్చుని ఏడ్చాను. తరువాత పెట్టె సర్దాను. నిజంగానే సర్దాను. హైదరాబాద్‌కు విమానం ఉంది, సీటూ ఉంది. కానీ ఏం చేశానో తెలుసా? బయల్దేరే ముందు మరొక్కసారి గీతలు లెక్కపెట్టాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నూట ఎనభై. ఇంట్లో ఒక్క రాత్రి ఉన్నా నూట ఎనభై రెండవుతుంది. ఈలోపు విమానం పోయింది. పొద్దున పద్మ ఫోన్ చేసి, ఆపరేషన్ అయింది, బిడ్డ గట్టెక్కిందని చెప్పింది. ఇక ఎనిమిది రోజులే కదా అనుకున్నాను. నన్ను ఆపింది పన్నేనా? పన్ను కడితే మేమేమీ రోడ్డున పడేవాళ్లం కాదు. పన్నుకే భయపడ్డానా, లేక అన్నేళ్లుగా తప్పని లెక్క తప్పిపోతుందనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. భయమైతే క్షమించుకోవచ్చేమో. రెండోదైతే నేనేం మనిషిని?

ఏప్రిల్ ఒకటిన దిగాను. పద్మ నన్ను చూసి ఏడ్చింది, తరువాత నవ్వింది. సముద్రం చల్లబడి నేను క్షేమంగా వస్తే కోడెను కడతానని వేములవాడ రాజన్నకు మొక్కుకుందట. "విన్నడు రాజన్న" అంది. ఆ సోమవారమే తీసుకుపోయింది. కోడెను పగ్గంతో పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టెయ్యాలి. పగ్గం నా చేతికిచ్చింది. గండం నీది కదా, నువ్వే తిప్పాలని. తిప్పాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిప్పాను.

అప్పటి నుంచి ప్రతి ఏప్రిల్‌లో వెళ్తున్నాం. రాజన్న సముద్రాన్ని ఆపిన కథ పద్మ ప్రతి పెళ్లిలో, ప్రతి చావులో చెబుతుంది. పక్కన కూర్చుని తలూపుతాను. నా అబద్ధం ఒక్కటే పోయేదైతే ఎప్పుడో చెప్పేసేవాణ్ని. దానితోపాటు ఆమె రాజన్న కూడా పోతాడు. ఆ ఎనిమిది రోజులు ఆమెను నిలబెట్టింది ఆయనే కదా, నేను కాదు కదా. చట్టానికి లొంగిపోదామన్నా కుదరదు. చట్టం ప్రకారం నేను తప్పే చేయలేదు. నా కాగితాలు కడిగిన ముత్యాలు.

బిడ్డ ఇప్పుడు బీకాం చదువుతోంది. మొన్న మధ్యాహ్నం పన్నుల పాఠం ముందేసుకుని నన్ను పిలిచింది.

"బాపు, ఏడాదికి నూట ఎనభై రెండు దినాలుంటెనే ఇక్కడోడంటరట. నువ్వెప్పుడన్న ఇక్కడోనివైనవా?"

పరిహాసానికే అడిగింది. వంటింట్లోంచి పద్మ నవ్వడం వినిపించింది.

"కాలే బిడ్డా" అన్నాను.

పుస్తకంలో తరువాతి పేజీ తిప్పింది. ఏదో ఒక రోజు నా పాత పాస్‌పోర్టు కూడా తిప్పుతుంది. ఆ మార్చిలో షార్జాలో దిగినట్టు ముద్రతో అది బీరువాలో, బట్టల కిందే ఉంది. ఎన్నోసార్లు చించెయ్యాలనుకున్నాను. చించలేదు. దొరికిపోవాలని ఉందేమో నాకు.

వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ వేములవాడ వెళ్తాం. పగ్గం నా చేతికే వస్తుంది. మీకు చెప్పినంత మాత్రాన అది తేలికవుతుందని నేననుకోవడం లేదు. అయినా తొమ్మిదేళ్లుగా నోట్లోనే ఉండిపోయిన మాటను ఒక్కసారి బయటికి అనాలని ఉంది.

ఆ రోజు సముద్రం బాగానే ఉంది పద్మా. నేను షార్జాలో ఉన్నాను.