కాల్చని పత్తికట్టె

మొన్న కొత్తకోట సంతలో అనపకాయలు కనిపిస్తే ఆగలేక సంచి నిండా కొన్నాను. గడప దగ్గర కూర్చుని ఒలుస్తుంటే వేళ్లకు ఆ జిగురు, ఆ పచ్చి వాసన అంటుకున్నాయి. సబ్బు పెట్టినా పోదు. పోకపోవడమే నాకిష్టం. ఆ వాసనకు మా వదినె గుర్తొస్తుంది. ఆమె వెనకే అమరచింత దగ్గర మా అన్న మూడెకరాల చెల్క కూడా. అప్పటికి నాకు ఇంకా పెళ్లి కాలేదు.

చెల్కంటే ఎర్రనేల, వానను నమ్ముకున్న నేల. పత్తి ఏరడం అయిపోగానే కట్టె పీకి, కుప్ప వేసి కాల్చి, ఎండాకాలం దున్ని, చేనును వాకిలంత శుభ్రంగా ఉంచడం మా అమ్మకు గొప్ప. “దున్నని చేను, ఊడ్వని ఇల్లు ఒక్కటే” అనేది. అంత శుభ్రమైన చేనులోంచి వేసవి గాలి మట్టిని ఎత్తుకుపోయేది. అన్నం తింటుంటే పంటికింద కరకరమనేది మా పొలమే. మిగిలిన మట్టి మొదటి వానకు ఎర్రగా వాగులో కలిసేది. చేను చాలక అన్న ఏటా బొంబాయి పోయి, మేడలు కట్టే చోట ఇసుక మోసేవాడు.

వదినెది రాయచూరు దిక్కు పల్లె. ఆమె తెలుగులో సగం కన్నడం దొర్లేది. ఒక ఎండాకాలం గట్టు పక్కన కాల్చడం మరచిన కుప్పను ఎత్తి చూస్తే కింద మట్టి తడిగా ఉందట. ఎప్పుడో పడ్డ జల్లు తడి అది. చుట్టూ అంతా దుమ్ము. పరుగున ఇంటికొచ్చి, “నెలకు బట్ట గప్పాలె అత్తా!” అంది. “ఏ నెలకే? ఆషాఢానికా, శ్రావణానికా?” అంది అమ్మ. కన్నడంలో నేలను నెల అంటారని మాకు అప్పుడే తెలిసింది.

నవ్వు అక్కడితో అయిపోయింది. ఈసారి దున్నొద్దు, కాల్చొద్దు, కట్టెను నరికి చేనంతా పరుద్దామని వదినె పట్టుబట్టింది. “ఊరోళ్లు నవ్వుతరు. బద్దకంతోని ఇడిసిపెట్టిన్రంటరు” అన్నాడు అన్న. చివరికి గట్టు పక్క ఎకరం ఆమెకు వదిలాడు. ఆ ఏడు ఆ ఎకరానికి చెదలు పట్టింది, గడ్డి మొలిచింది, పంట మిగతా చేనుకన్నా తక్కువే వచ్చింది. బొంబాయి బస్సెక్కుతూ అన్న చెప్పాడు: “మొత్తం కట్టె కాలవెట్టు. ఈ యేడు గూడ గిట్లనే అయితే నువ్వు గూడ నాతోని రావాలె.” వదినె తల ఊపింది.

మర్నాడు అగ్గిపెట్టెకు బదులు కొడవలి పట్టుకుంది. ఈసారి ఎకరం కాదు, చేనంతా. ఇద్దరం కలిసి నరికితే నా అరచేతులు బొబ్బలెక్కాయి. “కాలవెట్టుమన్నడు గద వదినె?” అన్నాను. “తల ఊపిన. ఊ అనలే” అంది. తొలకరి పడగానే కర్రతో గుంతలు పొడిచి కంది వేసింది, సాళ్ల నడుమ అనప పెట్టింది. అమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. శ్రావణమంతా మబ్బులు మమ్మల్ని దాటి ఎటో పోయాయి. చుట్టుపక్కల చేలల్లో ఆకులు ముడుచుకున్నాయి. వదినె ముఖం పీక్కుపోయింది. రోజూ పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని పోయి, చెత్త తప్పించి మట్టిలో వేళ్లు పెట్టి చూసేది. ఇంటికి రాగానే అమ్మ నన్ను పక్కకు పిలిచి, “ఉన్నదానే తడి?” అని గుసగుసగా అడిగేది.

మా దిక్కు వలస పోయినవాళ్లు ఏ పండుగకు రాకున్నా పీర్ల పండుగకు వస్తారు. అన్న సంచి దించకుండానే చేనుకొచ్చాడు. మేము గడ్డి పీకుతున్నాం. కాళ్ల కింద పత్తికట్టె చూసి మండిపడ్డాడు. “నా మాటకు ఇలువ లేదా?” వదినె లేచి నిలబడింది. “తర్వాత తిట్టు. ముందు చెయ్యి పెట్టి సూడు” అంది. అన్న కూర్చున్నాడు. అనప తీగలు తప్పించి, కట్టె తప్పించి చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. ఆ తడి మట్టిని రుమాల్లో కట్టుకొచ్చి అమ్మ ముందు పోశాడు. అమ్మ పిసికి చూసింది, వాసన చూసింది. “మంచిగనే ఉన్నది. ఇంట్లెందుకు పోసినవ్‌రా, ఎవరు ఊడుస్తరు?” అంటూ వదినెను చూసి నవ్వింది.

ఆ ఏడు కంది ఇల్లు నింపలేదు గానీ చేతికి వచ్చింది. పక్క చేలల్లో చాలామందికి అదీ రాలేదు. మరుసటేడు కొందరు కట్టె కాల్చడం మానేశారు. కాల్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పండుగ అయ్యాక ఊళ్లోవాళ్లు మళ్లీ బొంబాయి బస్సెక్కుతుంటే వదినె రొట్టెలు చేస్తూ, తల ఎత్తకుండా, “నువ్వెప్పుడు పోతవ్?” అని అడిగింది. “జర ఆగి పోత” అన్నాడు అన్న. ఇన్నేళ్లలో ఆయన జుట్టు నెరిసింది, ఆ ‘జర’ మాత్రం ఇంకా గడవలేదు.