కొసరుగా ఇచ్చిన గోల్‌కీపర్

పొద్దున్నే ధర్మవరం నుంచి మామ ఫోన్ చేశాడు. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. పట్టుచీరల అంగడి ఆయనకు బతుకుతెరువు, మా ప్రాంతపు ఫుట్‌బాల్ లీగుకు కార్యదర్శిగా ఉండడం ఆయనకు జబ్బు. ఈ ఏడు లీగు తరపున ఒక పుస్తకం వేస్తున్నారట. లీగు ఎట్లా పుట్టింది, ఎట్లా నడుస్తోంది అని రెండు పేజీలు నన్ను రాయమన్నాడు. "బేరాలాడిన నోరు కదప్పా నీది, మాటలకు కరువా?" అనేసరికి ఉబ్బిపోయి ఒప్పుకున్నాను. ఫోన్ పెట్టేసే ముందు, ఏదో అప్పుడే గుర్తొచ్చినవాడిలా, "ఒక చిన్న ఖాళీ ఉండాది. మీ తమ్ముడు హిందూపురం నుంచి పెనుకొండకు ఎట్ల పోయినాడో మన రిజిస్టర్లో కాగితం లేదు. ఒక ఏడు మీ జట్టులో పేరుండాది, మరుసటేడు వాళ్ల జట్టులో ఉండాది. నడమ ఏం జరిగిందో నువ్వే రాయల్ల" అన్నాడు.

అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వీధిలోకి వెళ్లి, ఎవరి కోసమో చూస్తున్నట్టు రోడ్డు చివరిదాకా చూసి వచ్చాను. సర్ది పెట్టిన బెల్లం అచ్చులనే దించి మళ్లీ సర్దాను. ఒక ముసలాయన వచ్చి చింతపండు ధర తగ్గించమని అడిగితే, అడిగిన ధరకే తూచి ఇచ్చేశాను. ఆయన పొట్లం విప్పి వాసన చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు. మా అంగట్లో బేరం లేకుండా సరుకు దొరికితే సరుకునైనా అనుమానించాలి, మనిషినైనా అనుమానించాలి. ఆయన తప్పేం లేదు.

సరే, రాయమన్నది లీగు సంగతి కాబట్టి అదే మొదలుపెట్టాను. ఒకప్పుడు మా ఊళ్లల్లో ఫుట్‌బాల్ అంటే జాతరకో పండక్కో ఒక కప్పు పెట్టి ఆడే ఆట. మూడు రోజుల ఆటకు ముప్పై రోజుల తగువు. ధర్మవరం మగ్గాల వీధివాళ్లు గెలిస్తే రెఫరీ వాళ్ల చుట్టమని మా హిందూపురం బజారువాళ్లు అనేవాళ్లు. మేం గెలిస్తే గ్రౌండు మాది కాబట్టి గెలిచామని వాళ్లు అనేవాళ్లు. ఫైనల్ ఏ ఊళ్లో ఆడాలో తేలక ఒక ఏడు ఆటే జరగలేదు. ఎవరిదీ కాని ఆ కప్పు మామ అంగట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు దాంట్లో జాకెట్టు గుడ్డ ముక్కలు వేస్తాడు. చివరికి పెద్దలందరూ పెనుకొండ బస్టాండు ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చుని లీగు పెట్టుకున్నారు. పెనుకొండే ఎందుకంటే అది రెండూళ్లకూ నడుమ ఉంది, పైగా ఎవరు కోపమొచ్చి లేచిపోయినా వెంటనే బస్సు దొరుకుతుంది.

పై గుంపులో ఎనిమిది జట్లు, కింది గుంపులో ఆరు. ప్రతి జట్టూ తన గుంపులోని మిగతా జట్లన్నిటితో రెండుసార్లు ఆడాలి, ఒకసారి తన ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. పై గుంపులో ఆఖరిది కిందికి దిగుతుంది, కింది గుంపులో మొదటిది పైకి వస్తుంది. ఆటలన్నీ ఆదివారాలే. మిగతా ఆరు రోజులూ ఆటగాళ్లు వేరే పనుల్లో ఉంటారు. మగ్గం నేసేవాడొకడు, ఫ్యాక్టరీలో షిఫ్టు చేసేవాడొకడు, పరిగిలో టమాటా పండించేవాడొకడు. బూట్లు, బస్సు చార్జీ, ఆటకింత అని బత్తా క్లబ్బు ఇస్తుంది. పూర్తి ఉద్యోగం కాదు, పూర్తిగా ఊరికేనూ కాదు. పెండ్లిలో వడ్డనకు నిలబడ్డ చుట్టం లాంటి హోదా వాళ్లది.

సీజనుకు ముందు ఒక ఆదివారం ఆ టీ అంగట్లోనే మార్పిడి జరుగుతుంది. క్లబ్బులు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకుంటాయి. పశువుల సంతలో లాగా టవలు కింద వేళ్లు పట్టుకోవడం ఒక్కటే లేదు. మాట కుదిరిన ప్రతి ఆటగాడికీ ఒక కాగితం రాస్తారు. ఇచ్చిన క్లబ్బు, పుచ్చుకున్న క్లబ్బు, ఆటగాడు, ముగ్గురూ సంతకం పెట్టాలి. హిందూపురం తరపున బేరానికి నన్ను పంపేవాళ్లు. నాకు ఆట వచ్చని కాదు. చిన్నప్పుడు నేను బంతిని తన్నిన దానికంటే బంతి నన్ను తన్నిందే ఎక్కువ. కానీ కిరాణా అంగట్లో పుట్టి పెరిగాను. మొదటి ధర వినబడనట్టు ఉండాలి, రెండో ధరకు నవ్వాలి, మూడో ధరకు లేవాలి అని నాయన దగ్గర నేర్చుకున్నాను. కొసరు సంగతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఎంత గట్టిగా తూచినా నాయన చివర్లో చిటికెడు పుట్నాలో చిన్న బెల్లం ముక్కో పొట్లంలో వేసేవాడు. దానికి తూకం లేదు, ధర లేదు, చీటీలో ఎక్కదు. ఇచ్చినవాడి చెయ్యి పెద్దది అనిపించడమే దాని పని.

తమ్ముడు పెనుకొండకు పోయిన ఆ ఏడు మా జట్టు పరిస్థితి బాగలేదు. అంతకుముందు సీజన్లో కిందికి జారిపోకుండా ఒక్క మెట్టు మీద ఆగాం. గోలు కొట్టేవాడు కావాలి. అట్లాంటివాడు పెనుకొండ జట్టులో ఉన్నాడు. పెనుకొండ తరపున బేరానికి కూర్చున్నది మా బావ, మా అక్క మొగుడు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం. మా జట్టులో గ్రౌండు పక్క అంచున పరుగెత్తే ఆటగాణ్ని ఇస్తానన్నాను. బావ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "ముందర ఆడేవాణ్ని నీకిచ్చి పక్కన ఆడేవాణ్ని తెచ్చుకుంటే మా ఊర్లో నన్ను చూసి నగుతారు బామ్మర్దీ. కొసరేమేస్తావో చెప్పు" అన్నాడు. హిందూపురం బస్సు హారన్ కొడుతోంది. చెయ్యి పుట్నాల డబ్బాలోకి పోయినంత సులభంగా నా నోట్లోంచి మాట వచ్చేసింది. "సరే, మా తమ్ముణ్ని కూడా తీసుకుపో."

తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. మా జట్టుకు రెండో గోల్‌కీపర్. మొదటి కీపర్‌కు జ్వరం కూడా రాకపోవడం వల్ల నాలుగు సీజన్లు చేతికి గ్లౌజులు తొడుక్కుని గోలు వెనుకే నిలబడ్డాడు. ప్రాక్టీసులో అందరూ తన్నిన బంతులన్నీ ఏరి తెచ్చి ఇచ్చేది అతనే. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి ఆ మరుసటి రోజు మా అంగడికి వచ్చాడు. నేను చెప్పిందంతా విని, "మంచిదే అన్నా. యాడ సంతకం పెట్టల్ల?" అని అడిగాడు. నేను పెద్దగా నవ్వి, "కొసరుకు కాగితమేందిరా?" అన్నాను. అతనూ నవ్వాడు, కానీ నా కంటే కాస్త ఆలస్యంగా. మూలనున్న క్లబ్బు సంచిలోంచి తన గ్లౌజులు తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా అంగడి మెట్టెక్కలేదు.

బావ ఈ బేరాన్ని పెనుకొండలో హాస్యంగా ఊరంతా చెప్పుకున్నాడు. గ్రౌండులో జనం తమ్ముణ్ని పేరు పెట్టి పిలవడం మానేశారు. "ఏమప్పా కొసరూ, టీ తాగినావా?" "కొసరబ్బా, బంతి పట్టుకో, పొట్లం కాదు అది!" ఇవన్నీ మా అక్క ఫోన్లో చెబుతుంటే నేనూ నవ్వాను. నాలుగో వారం వాళ్ల కీపర్ వేలు విరిగింది. గోలు ముందుకు తమ్ముడొచ్చాడు. ఆ తర్వాత ఎవరూ అతణ్ని అక్కడి నుంచి కదిలించలేకపోయారు.

నేను బేరమాడి తెచ్చిన గోలు వీరుడికి మా గ్రౌండు పడలేదో, మా ఊరి నీళ్లు పడలేదో, అతని బూటుకు బంతి తగలడమే అపురూపమైంది. ఆఖరి ఆదివారం పెనుకొండ కొండ కింది గ్రౌండులో వాళ్లతోనే మా ఆట. గెలిస్తే పై గుంపులో ఉంటాం, సమానమైనా కిందికి పోతాం. నేను కూర్చుని చూడలేకపోయాను. గోలు వెనకాల ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే ఉన్నాను. నడుస్తూ నడుస్తూ తమ్ముడు నాలుగేళ్లు నిలబడింది ఇట్లాంటి చోటే కదా అనిపించి, ఇంకా తొందరగా నడిచాను. ఎవరికీ గోలు లేదు. ఇక పది నిమిషాలుందనగా మాకు పెనాల్టీ వచ్చింది. మా కెప్టెన్ బంతి పెట్టాడు. కెప్టెన్ కుడి మూలకు చూసి ఎడమ మూలకు కొడతాడని మా ఊళ్లోనే చాలామందికి తెలియదు. కానీ ఆ బంతులను నాలుగేళ్లు ఎడమ మూల నుంచి ఏరి తెచ్చినవాడికి తెలుసు. తమ్ముడు కళ్లు మూసుకుని దూకినట్టు ఆ మూలకే దూకాడు. బంతి రొమ్ముకు హత్తుకుని లేచాడు. గ్రౌండంతా "కొసరూ! కొసరూ!" అని ఊగిపోయింది. బంతిని విసిరేముందు వెనక్కి తిరిగి, వలలోంచి నన్ను చూసి, కోపమేమీ లేకుండానే అడిగాడు. "అన్నా, తూకం సరిపోయిందా?"

మేం కిందికి పోయాం. రెండేళ్లు ముదిగుబ్బ ఎండలో, రాళ్లేరుకుని ఆడాల్సిన గ్రౌండుల్లో తిరిగి మళ్లీ పైకొచ్చాం. జట్టుకు దక్కాల్సింది దక్కింది. ఆ పెనాల్టీ పోయిన రాత్రి అన్నం పెడుతూ మా అవ్వ అన్న మాట మాత్రం నాకు దక్కాల్సిందే అనిపించింది. "సరుకు కొసరేస్తారు గానీ ఇంటోణ్ని ఎవరన్నా ఏస్తార్రా? మీ నాయన పుట్నాలేసేటప్పుడు కూడా పుచ్చుండాదేమోనని చూసి ఏస్తాండె. నువ్వు వాణ్ని చూసినావా?" చూడలేదు. తర్వాత కూడా పెండ్లిళ్లలో ఎదురుపడితే "బాగుండావా?" అంటే "బాగుండా" అనుకోవడమే. అతను తొమ్మిది సీజన్లు పెనుకొండకు ఆడాడు. కెప్టెన్ అయ్యాడు. ఇప్పుడు ఆ క్లబ్బు వ్యవహారాలన్నీ చూస్తూ సాయంత్రాలు కొత్త కీపర్లకు నేర్పుతున్నాడు. ఆ రోజు నేను నవ్వినదానికి క్షమించమని అడగాలని ప్రతిసారీ అనుకుంటాను. మూడో ధరకు లేచిపోవడం అలవాటైన మనిషిని, మొదటి మాటకే లేచిపోతాను.

ఇంతవరకూ రాసి, ఖాళీ దగ్గర రెండు వాక్యాలు రాశాను. 'మా జట్టు అవసరం కోసం నేనే ఇతణ్ని పెనుకొండకు కొసరుగా ఇచ్చాను. కాగితం రాయలేదు.' రాశాక అంగట్లో ఉండలేకపోయాను. క్లబ్బు కట్టలోంచి ఖాళీ మార్పిడి కాగితం ఒకటి జేబులో పెట్టుకుని పెనుకొండ బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉంది. పక్కనున్నామె రెండుసార్లు చూసి తన సంచి ఇంకో పక్కకు జరుపుకుంది.

గ్రౌండులో తమ్ముడు నన్ను చూసి బంతి పక్కన పెట్టాడు. "ఏమన్నా, ఈ పక్క వచ్చినావు?" నేను రాసిన పేజీలు తీసి అతని చేతికిచ్చాను. నిలబడే రెండుసార్లు చదివాడు.

"'జట్టు అవసరం కోసం' అని రాసినావే, అది కొట్టెయ్" అన్నాడు.

"ఏం?"

"అవసరం ఉండేది ఆ ముందర ఆడే ఆయప్పతో. నన్నిచ్చేదానికి ఏం అవసరముండె? చేతికి దొరికినాను, ఎత్తి ఏసినావు."

కొట్టేశాను. "కొసరు అనే మాట కూడా తీసేద్దామా?" అని ఆశగా అడిగాను.

"అదుండనీ. ఈ ఊరు నాకు పెట్టిన పేరది. నీది కాదు."

జేబులోంచి కాగితం తీశాను. "తప్పయిందిరా. ఆ పొద్దు నగకుండా ఇది రాసుండల్ల" అన్నాను. ఇన్నేళ్లు మోసిన మాట, చూస్తే ఒక్క గుక్కలో అయిపోయింది. అతను కలం తీసుకుని పుచ్చుకున్న క్లబ్బు గీత మీదా, ఆటగాడి గీత మీదా తనే సంతకం పెట్టాడు. నేను ఇచ్చిన క్లబ్బు తరపున పెట్టి, తేదీ దగ్గర పాత ఏడు వేయబోయాను. అంగడివాడి బుద్ధి, ఖాళీ కనబడకుండా పూడ్చాలని చూస్తుంది. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పొద్దుది వద్దన్నా. రాసింది ఇయ్యాల కదా, ఇయ్యాల్టిదే ఎయ్."

వేశాను. వేసిన వెంటనే నా తలలో లెక్క తిరిగింది, దాన్ని ఆపడం నా వల్ల కాదు. "రేయ్, ఇయ్యాల్టి తేదీ ఏస్తే నిన్నటిదాకా నువ్వు హిందూపురం ఆటగాడివే అయితావు. ఆ పెనాల్టీ పట్టింది కూడా మావాడే అయితాడు" అన్నాను.

తమ్ముడు గ్లౌజులు తొడుక్కుంటూ నవ్వాడు. ఈసారి ఆలస్యం లేదు. "తీసుకుపో అన్నా. అది కొసరు."

తిరుగు బస్సులో కాగితం జేబులో ఉందో లేదో ఎన్నిసార్లు తడుముకున్నానో. దీన్ని చూసి మామ ఏమంటాడో తెలియదు. గడిచిన ఏళ్లను ఎవరూ వాపసు తీసుకోరని నాయన అనేవాడు. అది నిజమే, వాటికి ధర కట్టేవాడు లేడు. కానీ ఆ తొమ్మిది సీజన్లనూ ఒక మనిషి ఇవాళ పొట్లం మీద చిటికెడు పుట్నాల్లా నా చేతిలో వేశాడు. నేను మొదటిసారి బేరమాడకుండా తీసుకున్నాను.