మామా బండి సొట్టలు

కువైట్‌లో, ఫర్వానియాలో దిగిన రోజు దుమ్ము లేచింది. మధ్యాహ్నం రెండు గంటలకే బండ్లు లైట్లు వేసుకొని తిరుగుతున్నాయి. నా కిట్ ఇంతే: మిలిటరీ నుంచి తెచ్చుకున్న ఆలివ్ రంగు సంచి, మూడు జతల బట్టలు, ఒక స్పానర్ సెట్టు, మా ఆవిడ కట్టిచ్చిన చెనిక్కాయల పొడి. గదిలో ఆరు మంచాలు. తలుపు పక్కది నాది. ఎదురు మంచం మీద కూర్చున్న మనిషి నా సంచిని చూసి నవ్వాడు.

"మిలిటరీనా అన్నా?"

"హవల్దార్. బండ్ల మెకానిక్కు."

"అయితే దుప్పటి మడత నలగకుండా పరుస్తావు. మాకు ఆ అలవాటు లేదప్పా, ముందే చెప్తాండా."

అతనిది రాయచోటి. షువైఖ్‌లో నేను చేరబోయే గ్యారేజీలోనే వెల్డరు. మర్నాడు తెల్లారి ఇద్దరం ఒకే బస్సు ఎక్కాం. నేను మంచం పరిచిన తీరు గురించి అతను దారి పొడవునా ఎగతాళి చేస్తూనే ఉన్నాడు.

ఊళ్ళో మీరంతా నన్ను అడిగేది లేహ్ గురించి, మంచు గురించి, తుపాకుల గురించి. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. నిజం చెప్పాలంటే సర్వీసంతా నేను లారీల కిందే పడుకున్నాను. నాకు బాగా గుర్తుండిపోయిన డ్యూటీ మాత్రం యూనిఫాం విప్పేశాక చేసింది. అది నా ఆఖరి పోస్టింగ్ అని నేను లెక్కేసుకుంటాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

జనవరి. ఎడారి చలి మీకు తెలియదు. పొద్దున పానా పట్టుకుంటే వేళ్ళు అంటుకుపోయేవి. ఆ రోజు ఒక క్రేన్ బండి మా షెడ్డు ముందు పాత స్టేషన్ వ్యాగన్‌ని దించింది. పొడుగాటి అమెరికా బండి, లేత గోధుమ రంగు. ముందు భాగం దిట్టంగా ఉంది. వెనక సామాన్లు పెట్టే భాగం మాత్రం సముద్రపు గాలికి తుప్పు పట్టి, వేలితో పొడిస్తే రాలుతోంది. బండి వెంట ఇద్దరు వచ్చారు. ఒకరు దాని యజమాని కొడుకు, నలభై ఏళ్ళ కువైటీ. రెండోది వాళ్ళింట్లో పనిచేసే నరసమ్మ. మా అన్నమయ్య జిల్లా ఆడమనిషే.

కొడుకు హిందీలో సూటిగా చెప్పాడు. ఇది వాళ్ళమ్మ బండి. తుక్కుకు వేద్దామంటే ఆమె ఒప్పుకోదు. ఏమైనా చేయగలరా?

నేను చుట్టూ తిరిగి చూశాను. వెనక తలుపుల దాకా ఉంచి, ఆ వెనక టాపు కోసేయొచ్చు. రెండు వరుసల సీట్లు అలాగే ఉంటాయి. వెనక తొట్టి కట్టొచ్చు. అంటే డబుల్ క్యాబిన్ పికప్పు. అక్కడ పికప్పును వనైత్ అంటారు.

"చెయ్యి," అన్నాడతను. "మురూర్‌లో, అదే ట్రాఫిక్ ఆఫీసులో కాగితాల పని నేను చూసుకుంటాను. కానీ ఆమె ఎక్కకపోతే ఖలాస్. బండి తుక్కుకే పోతుంది."

అతను ఫోన్ మాట్లాడుతూ పక్కకు వెళ్ళగానే నరసమ్మ నా దగ్గరికొచ్చింది.

"అన్నా, మామాకు చూపు లేదు. షుగరుతో పోయింది." ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు, అమ్మ అని అర్థం; ఆమె భర్తను బాబా అంటారు. "బాబా సచ్చిపోయినాంక ఈ బండి ఆగిపోయింది. అప్పట్నుంచి ఆయమ్మ గడప దాటలా. వేరే బండి ఎక్కమంటే మొకం తిప్పుకుంటాది. ప్రతి చలికాలం ఇద్దరూ ఎడారిలో గుడారం ఏసుకోని ఉండేవాళ్ళు. ఇప్పుడు తిండి కూడా తగ్గించేసింది. నాకు బయ్యంగా ఉండాదన్నా. ఎట్లన్నా చేసి ఈ బండినే నిలబెట్టు."

కూలికి చేసే పని వేరు, ఇలా అడిగాక చేసే పని వేరు. సరేనమ్మా అన్నాను.

వెల్డరుకు ఆర్డర్లు ఇచ్చాను. బండి జాకీల మీద వద్దు, నాలుగు చక్రాల మీదే నిలబడాలి. టాపు కోసే ముందే లోపల ఇనప గొట్టాలు అడ్డంగా, ఐమూలగా పెట్టి అతకాలి. అలా చేయకుండా కోస్తే బండి నడుం జారిపోతుంది, ఆ తర్వాత తలుపులు ఏ జన్మకూ పడవు.

"కోసినాంక మళ్ళీ అతకమంటే నావల్ల కాదు మిలిటరీ అన్నా," అన్నాడు వెల్డరు. "బాగా ఆలోచించుకో."

"ఆలోచించేది అయిపోయింది. కొయ్యి."

గ్రైండర్ మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు. నేను బండి కింద, అతను టాపు మీద. ఇద్దరం చెవుల్లో ఫోన్లు పెట్టుకొని వైర్‌లెస్‌లో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం.

"కిందనుంచి పైకి. ఎడం పక్క ఎంత కోసినావు? ఓవర్."

"సగం. టీ ఎప్పుడు? ఓవర్."

కోసిన టాపు రేకునే క్యాబిన్‌కు వెనక గోడగా నిలబెట్టాం. వెనక తలుపు అద్దాన్ని తెచ్చి ఆ గోడకే బిగించాం. తలుపు కింది సగం తొట్టికి తలుపైంది. తుప్పు తిన్నది తప్ప ఏదీ పారేయలేదు. కింద చాసిస్‌కు కొత్త ఇనుము వేశాం. ఆఖర్న గొట్టాలు తీసేసి, నాలుగు తలుపులూ ఒక్కొక్కటే వేసి చూశాను. నాలుగూ టక్కుమని పడ్డాయి. వెల్డరు అల్‌హందులిల్లా అన్నాడు. నేను వెంకటరమణా అనుకున్నాను.

ఇక రంగు. మా పెయింటరుది గోదావరి. వయసులో నాకంటే పెద్ద, అయినా అందరినీ మాస్టారూ అంటాడు. బండి తలుపుల నిండా, మడ్‌గార్డుల మీద ఎన్నో సొట్టలున్నాయి.

మిలిటరీలో ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో మీకు చెప్పాలి. పెద్దాఫీసరు వస్తున్నాడంటే టైర్లకు నల్ల పాలిష్, నట్లకు రంగు, చెట్ల మొదళ్ళకు సున్నం. బండి నడుస్తుందా లేదా అన్నది తర్వాత. ముందు మెరవాలి. ఒంట్లో ఇంకిపోయిన జబ్బు అది. పెయింటరుకు అదే చెప్పాను: "ఇన్‌స్పెక్షన్‌కు నిలబెట్టినట్టుండాల."

"నా చేతిలో పడింది కదండీ. పెళ్ళికూతుర్ని చేసేస్తాను, చూడండి."

లోపలి నుంచి కొట్టి, పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, పాత రంగే మూడు పూతలు వేశాడు. నేను అరచేత్తో ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నిమిరాను. ఎక్కడా తగల్లేదు. శభాష్ అన్నాను. ముగ్గురం పక్కన నిలబడి ఫోటో కూడా దిగాం.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి బండి వాళ్ళ వాకిట్లో పెట్టాం. చలి ఉంది, గాలి లేదు. ముగ్గురం ఉతికిన బట్టలు వేసుకొని వరుసగా నిలబడ్డాం. నరసమ్మ చేయి పట్టుకొని మామా బయటికొచ్చింది. చిన్న మనిషి. ఒంటినిండా నల్ల అబాయా, చేతులకు గోరింటాకు. ఎక్కడా తడుముకోకుండా నేరుగా ముందు తలుపు దగ్గరికి వచ్చి చేయి వేసింది.

పిడి కింద వెతికింది. ఇంకొంచెం కిందికి వెతికింది. వెనక తలుపు మీద వెతికింది. మడ్‌గార్డు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆమె ముఖంలోని సంతోషం కొంచెం కొంచెంగా ఆరిపోవడం నేను చూశాను.

"హాదీ మూ సయ్యారతి," అంది. ఇది నా బండి కాదు.

లోపలికి తిరిగింది. కొడుకు మా వైపు చూసి, నేను ముందే చెప్పాను కదా అన్నట్టు తలూపి, జేబులోంచి ఫోన్ తీశాడు. తుక్కు బండిని పిలవడానికే.

"ఏం పని చేసినారన్నా!" నరసమ్మ నా మీద అరిచింది. "ఆయమ్మ కండ్లు చేతుల్లోనే కదా ఉండేది. సొట్టలన్నీ ఏం చేసినారు?"

"పూడ్చేశానండీ," అన్నాడు పెయింటర్. అంత కష్టపడి, అంత చక్కగా, ఆమె బండిని ఆమెకు కాకుండా చేశాం.

నేను ముందుకు వెళ్ళాను. నాకొచ్చిన అరబ్బీ తిట్లకూ టీలకూ తప్ప పనికిరాదు. తెలుగులోనే చెప్పాను. నరసమ్మ గబగబా అరబ్బీలో అందించింది.

"మామా, బండి నీదే. బాగుండాలని దెబ్బలన్నీ మేమే పూడ్చినాం. మాకు తెలీక."

ఆమె ఆగింది. "కుల్లు?" అంది. అన్నీనా?

"కుల్లు, మామా."

ఆమె తలుపు మీద మళ్ళీ ఒకసారి చేయి వేసింది. తర్వాత చేయి చాపి సుత్తి తెమ్మంది.

"మాస్టారూ, మూడు పూతలు వేశానండీ!" అని పెయింటర్ నా చెవిలో గొణిగాడు. నేను తొట్టిలో ఉన్న పనిముట్ల పెట్టె తెరిచి చిన్న సుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఎడమ చేత్తో పిడి నుంచి నాలుగు వేళ్ళు కిందికి కొలిచి, అక్కడ కొట్టింది. రేకుకు ఏమీ కాలేదు.

"ఇంకొంచెం గట్టిగా కొట్టమనండి," అన్నాడు పెయింటర్. "అలాగైతే పడదండీ." వెళ్ళి తలుపు తీసి, కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఈసారి సొట్ట పడింది. మామా వేలితో తడిమి, కొడుకు వైపు తిరిగి ఏదో అంది. అతను ఫోన్ జేబులో పెట్టేసి నవ్వాడు, సిగ్గుపడ్డాడు. చిన్నప్పుడు అతని సైకిల్ గుద్దిన చోటంట. వెనక తలుపు మీద ఇంకోటి కొట్టింది. మిర్కాబ్‌లో బాబా కొట్టు ముందున్న స్తంభమంట. మడ్‌గార్డు మీద మూడోది.

"పొట్టేలు గుద్దిందంట," అంది నరసమ్మ. ఏడుస్తూనే పకపకా నవ్వింది. "గుడారం కాడ. ఆయమ్మ మేపిన పొట్టేలే."

ఆ మధ్యాహ్నమే వెళ్ళారు. కొడుకే నడిపాడు. మామా ముందు సీట్లో, నరసమ్మ వెనక, తొట్టిలో గుడారం, నీళ్ళ డ్రమ్ములు. మర్నాడు నరసమ్మ ఫోన్‌లో మాట పంపింది: "అన్నా, మామా ఎండలో కూచోని టీ తాగతాంది. చక్కెర ఎయ్యలేదని నన్ను తిడతాంది. బాగుండాదన్నా, శానా బాగుండాది." ఆ మాటను వెల్డరు గదిలో నాలుగైదుసార్లు పెట్టించుకొని విన్నాడు.

కాంట్రాక్టు ముగిశాక నేను తిరిగొచ్చాను. అదే సంచి, అవే స్పానర్లు. మీరు బంగారం తెచ్చావా అని అడుగుతారు, ఎండ ఎంత అని అడుగుతారు. చెబుతూనే ఉన్నాను. ఒక్కటి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

బండి ఎక్కే ముందు మామా సుత్తి నా చేతికిచ్చి, తన తలుపు పైన టాపు అంచు మీద చేయి పెట్టింది. అక్కడ చిన్న చిన్న గుంతలుండేవి. తుప్పు గుంతలనుకొని అవీ పూడ్చేశాం. అవి బాబా ఉంగరం గుర్తులట. ఆమె ఇంట్లోంచి రావడం ఆలస్యమైతే ఆయన అక్కడ నిలబడి ఉంగరంతో కొట్టి పిలిచేవాడట. ఏళ్ళ తరబడి. నేను సుత్తి అందించబోయాను. వద్దని తల అడ్డంగా ఊపింది. తన ఉంగరాన్ని అరచేతి వైపుకు తిప్పుకొని, ఆ రేకు మీద టక్ టక్ టక్‌మని మూడుసార్లు కొట్టింది. కొట్టి, ఇంటి తలుపు వైపు ముఖం పెట్టి, ఎవరో రావలసి ఉన్నట్టు నిలబడింది.

ఆమె ఇంకాసేపు ఎదురుచూసి, ఇక పోదామన్నట్టు "యల్లా" అని మెల్లగా అని, బండెక్కింది.